బండ మీద చెప్పుకో

సముద్రపు ఒడ్డున ఒక సన్యాసి పీత ఉండేది. దాని ఒళ్ళు వెన్నలా మెత్తన. అందుకని ఎవరో వదిలేసిన గుల్లలో దూరి, దాన్నే మోసుకుంటూ తిరిగేది. గుల్ల పగిలితే కొత్తది ఇస్తానని తాబేలు మాటిచ్చింది. అది నమ్మి పీత రోజూ తాబేలుకి లేత నాచు తెచ్చిపెట్టేది.

ఒక మధ్యాహ్నం ఎర్రపీత ఒకటి అడ్డంగా పరుగెత్తుకొచ్చి ఢీకొట్టింది. గుల్ల నిలువునా బీటలిచ్చింది. పైన గద్ద తిరుగుతోంది. సన్యాసి పీత వణుక్కుంటూ తాబేలు దగ్గరికి పోయింది.

“నడుస్తుండగా పగిలిందిగా, కుదరదు. కదలకుండా కూర్చున్నప్పుడు పగిలితేనే ఇస్తాను,” అంది తాబేలు.

పీతకి అంత భయంలోనూ ఒళ్ళు మండింది. “నడవడానికి కాకపోతే గుల్లెందుకు మామా? ఇన్నాళ్ళూ నాచు మేసేటప్పుడు ఈ ముక్క చెప్పలేదే!”

“నా తీర్పు నచ్చకపోతే అదిగో ఆ ఎత్తు బండ. పగిలిన గుల్ల సాక్ష్యంగా ఇక్కడ వదిలేసి, బండెక్కి నీ గోడు చెప్పుకో. వింటాను.”

పీత బండ కేసి చూసింది. దాక్కోవడానికి చిన్న నెర్రె కూడా లేదు. తాబేలు వెనక చూస్తే పగిలిన గుల్లలు కుప్పగా పడున్నాయి.

“ఇవన్నీ ఎవరివి మామా?”

“నీలాగే బండెక్కినవాళ్ళవి,” అంది తాబేలు గర్వంగా. “ఒక్కరంటే ఒక్కరు దిగొచ్చి నా తీర్పు తప్పనలేదు.”

అంతలో గద్ద నీడ ఇసుక మీద పాకుతూ వచ్చింది. తాబేలు మాట ఆపి, తల డిప్పలోకి లాక్కుంది.