ఎర్ర రంగు పడని ఫోటో

ప్రింటరు గరగరలాడి కాగితాన్ని బయటికి తోసింది.

కాగితం మీద ముసలాయన ముఖం ఆకుపచ్చగా ఉంది.

"ఇదేందమ్మా, కాకరకాయ మాదిరి ఉండాడు?" అంది కౌంటరు అవతల నిలబడిన కామమ్మ.

ముబషిరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పొద్దుటి నుంచీ ఇదే గోల. పెళ్ళి ఫోటోలంటూ మొగుడు హిదాయతుల్లా వింజమూరులో కూర్చున్నాడు. వాడకుండా వదిలేసిన ప్రింటరులో ఇంకు ఎండిపోయింది. ఉదయగిరి బస్టాండు ఎదుట స్టూడియో పెట్టుకున్న పాపానికి, వచ్చినవాళ్ళంతా ఆమెనే కడిగేస్తున్నారు.

మొగుడికి ఫోను చేసి విరుచుకుపడింది.

"ఎర్ర ఇంకు పడటంలా. మనుషులంతా దయ్యాల మాదిరి వస్తా ఉండారు. చౌక ఇంకు పోయొద్దని మొత్తుకుంటే విన్నావా?"

"హెడ్ క్లీనింగ్ బటన్ కొట్టు. ఒక పూట కదిలించకుండా వదిలెయ్. ఎండింది నానుతుంది. రేపు ఇంకోసారి కొడితే దారికొస్తుంది."

"పూట వదిలేస్తే, వచ్చిన గిరాకీకి నువ్వు సమాధానం చెప్తావా?"

ఫోను బల్ల మీద విసిరి, క్లీనింగ్ కొట్టింది. పరీక్ష కాగితం తీసి చూసింది. నీలం గీతలు, పసుపు గీతలు నిండుగా ఉన్నాయి. ఎర్ర గీతలు మాత్రం ఎలుకలు కొరికినట్టు తెగిపోయి ఉన్నాయి.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే.

"ఇంతకంటే రాదు. అడిగినవన్నీ తీసేస్తా ఉండా," అంది.

"ఆయన చామనచాయమ్మా. ముఖంలో మంచి కళ ఉంటాది. ఇట్టుంటే ఎవరూ పోల్చుకోలేరు."

"'ఈ పెద్దాయన తెలిసినవాళ్ళు ఫోన్ చేయండి' అని కింద రాసుండాది గదా! నంబరుండాది గదా! ఇంకేం గావాల నీకు?"

"నంబరు తర్వాత గదమ్మా. ముందు ముఖం చూస్తేనే గదా మనిషి ఆగేది. రేపు రమ్మను, రేపొస్తాను. సరిగ్గా తీసియ్యి తల్లీ. ఆయనకు ఒంట్లో బాగాలేదు. తొందరగా కలవకపోతే..."

కామమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ కన్నీళ్ళు చూసి ముబషిరాకు జాలి కలగలేదు. కోపం రెట్టింపయింది. ఇలాంటి కూతుళ్ళను ఆమె ఎంతమందిని చూడలేదు!

"ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం? నాయన్ని సక్రమంగా చూసుకోనుంటే గడప దాటి పోతాడా? ఉన్నన్నాళ్ళు పట్టించుకోరు. తప్పిపోయినాక గోడలకు అతికించి, బొటబొటా ఏడస్తారు!"

పాస్‌పోర్టు ఫోటోల కోసం కూర్చున్న కాలేజీ పిల్లలు తలలెత్తి చూశారు.

"అది కాదు తల్లీ, ఆయన..."

"మీ ఇంటి రామాయణం నాకొద్దు. తీసుకుంటే తీసుకో. లేదంటే నెల్లూరు పో, అక్కడ తెల్లగా తీసిస్తారు."

కామమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. నెల్లూరు పోయే దారి వైపు ఒకసారి, బయట కదలబోతున్న తన ఊరి బస్సు వైపు ఒకసారి చూసింది. ఆకుపచ్చ ముఖాలను నలగకుండా సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఒకతను విసురుగా స్టూడియోలోకి వచ్చాడు. చేతిలో, గోడ మీది నుంచి పీకిన పోస్టరు.

"ఇది తీసింది మీరేనంట గదా?"

"మేమే. అయితే ఏంది?"

"అయితే ఏందా? మాది ఆత్మకూరు. నా పేరు సుధీర్. ఇది మా బస్టాండులో టీ కొట్టు గోడకుండాది. మా నాయన కోసం ఊళ్ళన్నీ తిరిగొచ్చి, రోజూ దీని పక్కనే నిలబడి టీ తాగినాను. కన్నకొడుకును, నేనే పోల్చుకోలేకపోయినాను! మనిషి ముఖమేనా ఇది?"

ముబషిరా పోస్టరు వైపు చూసింది. అదే ఆకుపచ్చ ముఖం.

"మా వీధిలో ఒకాయన నుదుటి మీద మచ్చ చూసి అనుమానపడి చెప్పినాడు. ఫోన్ చేసి పరిగెత్తినాను. ముందురోజే పోయినాడంట."

అతని కోపం అక్కడికి తెగిపోయింది. బల్ల మీద పోస్టరు పెట్టి, చేత్తో దాన్ని సాపు చేశాడు.

"మా దగ్గర నాయన ఫోటో ఒక్కటీ మంచిది లేదు. మీ కంప్యూటర్లో ఉండే ఈ ఫోటోనే పెద్దది చేసియ్యండి. పెద్దకర్మకు పెట్టుకోవాల. ఈసారన్నా మా నాయన మాదిరి రానియ్యండి."

ప్రింటరు ఇప్పుడు బాగానే ఉంది. హిదాయతుల్లా వచ్చి, ఒక పూట వదిలేసి, మళ్ళీ క్లీనింగ్ కొట్టాడు. అంతే పని. ఆ రోజు చేయనిది ఆ కాస్త పనే.

కాగితం మెల్లగా బయటికొచ్చింది. చామనచాయ ముఖం, కాస్త ఎర్రబారిన చెంపలు, ఎవరినో చూసి నవ్వుతున్న కళ్ళు.

సుధీర్ తల పక్కకు తిప్పుకున్నాడు.

ఫోటోను అట్ట కవరులో పెడుతూ, ముబషిరా తల వంచుకునే అడిగింది.

"మీ అక్క ఎట్టుండాది?"

"ఏ అక్క?"

"కామమ్మ. పోస్టర్లు తీయించుకోని పోయినామె. నాయన్ని చూసుకోలేదని, పదిమందిలో నోటికొచ్చినట్టు తిట్టినాను. ఒకసారి కనపడమని చెప్పు."

సుధీర్ ఆమె వైపు వింతగా చూశాడు.

"నాకు అక్కాచెల్లెళ్ళు ఎవరూ లేరమ్మా," అన్నాడు. "ఆమె దుత్తలూరు బస్టాండులో ఇడ్లీలమ్ముకునే మనిషి, తన పేరు కూడా మర్చిపోయి బస్సు దిగిన మా నాయన్ని ఇంటికి తీసకపోయి, తన మంచం ఆయనకిచ్చి తాను నేల మీద పండుకుంటా, ఆయన తాలూకు వాళ్ళెవరా అని మా కోసం వెతికినామె."