ఒక్కరికే సరిపడా గాలి

“ఇంకో ముప్పై సెకన్లే నాన్నా!” అంది కంప్యూటర్ ముందు కూర్చున్న హారతి.

ఆటలో ఆమె ఒక పాడుబడ్డ అంతరిక్ష నౌక అట్టడుగున చిక్కుకుంది. మిగిలిన ఆక్సిజన్ ఒక్కరికే సరిపోతుంది. గాయపడ్డ తోటివాడు తలుపవతల నుంచి పాక్కుంటూ వస్తున్నాడు. ఇక్కడ చనిపోతే మూడు వారాల ఆట మళ్ళీ మొదటికొస్తుంది.

పల్లంరాజు మంచం దిగి వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు. నిరుడు తుఫానులో అంతర్వేది దగ్గర తమ్ముణ్ణి పోగొట్టుకున్నాక అతను చేపల వేటకు వెళ్ళడమే కాదు, మాట్లాడడమూ మానేశాడు.

“తలుపేసెయ్యమ్మా.”

“వస్తున్నాడు కదా, కాస్త ఆగుదాం.”

“ఆగితే ఇద్దరూ పోతారే! తాడు కోసెయ్యాలి, అంతే!”

హారతి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆటలో తాడు లేదు.

“చిన్నాన్న తాడు తెగిపోయిందన్నావు కదా నాన్నా?”

తెర మీద అంకెలు తగ్గిపోతున్నాయి. పది, తొమ్మిది, ఎనిమిది.

“వలలో చిక్కుకున్నాడమ్మా. వల తాడు లాగేస్తుంటే వాడితోపాటు పడవా మునిగిపోతోంది. కత్తి నా చేతిలో ఉంది.”

“చిన్నాన్న ఏమన్నాడు?”

“ఏమీ అన్లేదు. వాడు చూస్తుంటే నేను కొయ్యలేనని కళ్ళు మూసుకున్నాడు.”

తెర మీద ఇద్దరూ కుప్పకూలారు. హారతి అటు చూడనే లేదు. ఇప్పుడు తను ఆగినట్టే ఆ రోజు నాన్న కూడా ఆగి ఉంటే ఇద్దరూ పోయేవారు!

లేచి తండ్రి చెయ్యి పట్టుకుంది.

“పద నాన్నా, పిన్నికి చెబుదాం. నేనూ వస్తాను.”