దరోగా గారింటి పొగ

"కుండలో ఏముందే?" వంటింటి గుమ్మంలో ఆగి అనుమానంగా అడిగాడు దరోగా నిబారణ్.

తెల్లదొరలు బెంగాలును రెండు ముక్కలు చేశారని నిరసనగా ఆ రోజు ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పోలీసు ఇంట్లో మాత్రం పొగ లేవాల్సిందేనని దొరగారి హుకుం.

"అన్నం, నాన్నా," అంది కూతురు క్షీరోద. పెద్దయ్యాక వేలమందిని తన వెంట జైళ్లకు నడిపించిన ఆ పిల్లకు అప్పుడింకా పాలపళ్లు ఊడుతున్నాయి.

"మరి వాసన రాదేం?" మూత తీశాడు. ఉత్త నీళ్లు మరుగుతున్నాయి.

"దొర అడిగింది పొగేగా!" అంది క్షీరోద.

చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తాడు నిబారణ్. ఇంతలో వీధిలోంచి జవాను కేక.

"దరోగా గారూ! పొగ సరే, వంటేమిటో కనుక్కు రమ్మన్నారు దొరగారు!"

ఎత్తిన చేత్తోనే మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"పులస పులుసని చెప్పు. గొంతులో ముల్లు పడింది, నన్నిక మాట్లాడించకు."