తల్లిరాయి

కొండెక్కిన తాలిన్ ధూపం బుట్ట కింద పడేసింది.

పూజరాళ్ల మధ్య ఓ ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని గుంత తవ్వుతున్నాడు. పక్కనే దుప్పట్లో చుట్టిన నల్లరాయి.

"లూ! పరుగెత్తు! రాళ్లదొంగ!"

మొక్కజొన్న చేలోంచి ఆమె మొగుడు ఒక్క ఉదుటున వచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు? పట్నంలో పాత వస్తువుల దుకాణాలవాళ్లు పంపారా?"

"లేదు నాయనా. దీన్ని ఇక్కడ పెట్టిపోదామని వచ్చా."

"దొరికాక దొంగలందరూ పెట్టడానికే వచ్చామంటారు!"

ముసలాయన వాదించలేదు. "షేపా బతికే ఉందా? ఆమెతో ఒక్క మాట చెప్పాలి."

"మా అవ్వ పేరు కూడా కనుక్కునే వచ్చావే!" అంది తాలిన్.

రాయి లాక్కున్నారు. లూ అతన్ని రోడ్డు దాకా నడిపించి, మెక్సికో సరిహద్దుకు పోయే బస్సెక్కించాడు.

మట్టి అంటిన ఆ ముసలి చేతులు చూస్తే తాలిన్‌కే మనసొప్పలేదు. మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఉడికించిన తమాల్ ఒకటి కిటికీలోంచి అందించింది.

"తిను పెద్దాయనా. మళ్లీ ఈ దిక్కుకు రాకు."

"చల్లగా ఉండు తల్లీ," అన్నాడతను.

ఊరి తరఫున మంచిరోజులు చూసి, కొండ మీద పూజలు చేసేది షేపా అవ్వే. ముసలితనంలో చూపు పోయింది. ఆమె ఒళ్లో రాయి పెట్టారు.

తడుముతున్న చేతులు చటుక్కున ఆగిపోయాయి.

"ఇదెక్కడిదే? ఇది తల్లిరాయి! ఎన్నో ఏళ్ల కిందట, యుద్ధంలో సైనికులు పూజరాళ్లు పగలగొట్టిన రోజున మాయమైంది."

తాలిన్ లూ వైపు చూసింది. "అయితే ఆయన... నిజంగా పెట్టడానికే వచ్చాడా?"

"ఎవరు? ఎలా ఉన్నాడు?"

"బాగా పొడుగు. మాట్లాడుతుంటే ఎడమకన్ను మూసుకుపోతోంది."

అవ్వ రాయిని ఇంకోసారి తడిమింది.

"బల్తసార్... సైనికులు ఈ పక్క ఎక్కుతుంటే, వాడు ఆ పక్క నుంచి వీపున మూటతో దిగిపోయాడు. ఏట్లో పారేస్తాడనుకున్నా. ధూపం వేసినప్పుడల్లా వాణ్ని తిట్టుకున్నానే!"

లూ రోడ్డుకేసి పరుగెత్తాడు. బస్సు కొండ మలుపు దాటి ఎప్పుడో వెళ్లిపోయింది.

"పారేస్తాడని ఎందుకనుకున్నావవ్వా? మనూరివాడేగా?" అడిగింది తాలిన్.

అవ్వ రాయిని గుండెలకు హత్తుకుంది.

"మనం కొండ మీద వేసే ధూపమంతా సైతానుకేనని ప్రతి ఆదివారం చర్చిలో ఊరికి చెప్పినవాడు వాడేనమ్మా."