వదలకూడని చేప

"ఏయ్! ఆ బకెట్ కింద పెట్టు!"

ఆ కేకకు హెబ్రోను చేతులు ఆగిపోయాయి. అప్పటికే చెరువు కట్ట దిగి, నీళ్ల అంచున రాళ్ల మీద వంగి, బకెట్‌ను కప్పిన తువ్వాలు తీయబోతున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. కట్ట మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఆడమనిషి, చీర చెంగు నడుముకు దోపుకుని గబగబా దిగి వస్తోంది.

"చెరువులో ఏం కలపతుండావు? మందా?"

"మందు కాదక్కా. చేప. ఒక్కటే చేప."

"చేపలు పట్టే ఊరికి చేపను తెచ్చినావా? ఆ బట్ట తియ్యి."

దూరంగా తెప్ప మీదున్న ఇద్దరు మగవాళ్లు ఇటే చూస్తున్నారు. వాళ్లలో ఒకడు గడకర్రతో తెప్పను ఇటు తిప్పాడు. కిందటి నెల పక్క ఊరి చెరువులో ఎవరో మందు కలిపితే చేపలన్నీ చచ్చి తేలాయనీ, అనుమానం వచ్చినవాణ్ణి చెట్టుకు కట్టేసి కొట్టారనీ స్కూల్లో తోటి టీచర్లు చెప్పుకున్న మాట హెబ్రోనుకు గుర్తొచ్చింది. ఆదివారం, చర్చి నుంచి ఇంటికెళ్లి బట్టలైనా మార్చుకోకుండా వచ్చాడు. తెల్ల చొక్కా వీపుకు అంటుకుపోయింది. బకెట్ మీది తువ్వాలు తీశాడు.

మూరెడు పొడవు నల్లటి చేప. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్లు. తల అడుగున గుండ్రటి నోరు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఈ రాకాసి నీకు యాడ దొరికింది?"

"మా ఇంట్లో అక్వేరియంలో పెంచానక్కా. సక్కర్ అంటారు. వేలెడంత ఉన్నప్పుడు కొన్నాను. అద్దానికి పట్టిన పాచి నాకేస్తుంది, తొట్టి శుభ్రంగా ఉంటుంది, వేరే మేత కూడా అక్కర్లేదన్నాడు షాపువాడు. నాలుగేళ్లలో ఇంతయింది. ఇప్పుడు పాచి మానేసి మిగతా చేపల్ని పట్టుకుంటోంది. పొద్దున చూస్తే మా పాప ముద్దుగా పెంచుకునే ఏంజెల్ ఫిష్‌కు ఒక పక్కంతా పుండు చేసింది. పాప ఒకటే ఏడుపు."

"అయితే?"

"షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. చంపడానికి నాకు చేతులు రాలేదు. చెరువులో అయితే హాయిగా బతుకుతుంది కదా అని..."

"బతుకుతాది. అదే గదా సారూ, మా చావు."

"ఇంత చెరువులో ఒక్క చేప..."

మాట పూర్తి కాలేదు. బకెట్‌లో తోక ఫట్‌మని కొట్టింది. చేప ఎగిరి రాళ్ల మీద పడింది. పడడంతోనే రెండు గెంతులు వేసి వాలులో జారింది. హెబ్రోను తోక పట్టుకున్నాడు. జారిపోయింది. ఇంకొక్క గెంతు వేస్తే నీళ్లలో ఉంటుంది.

ఆమె మోకాళ్ల మీద పడి రెండు చేతులతో దాన్ని రాతికి అదిమిపట్టింది. రెక్క ముల్లు అరచేతిలో దిగింది. పళ్లు బిగపట్టిందే గాని వదల్లేదు.

"బకెట్! బకెట్ తే!"

తెచ్చాడు. చేపను అందులో కుక్కి, తువ్వాలు కప్పి, పైన బండరాయి పెట్టింది. అప్పుడు చూసుకుంది చేతిని. రక్తం మణికట్టు దాకా కారుతోంది. హెబ్రోను జేబురుమాలు తీసి ఇచ్చాడు. అది చేతికి చుట్టుకుంటూ, "పైకి రా" అంది.

బకెట్ పట్టుకుని ఆమె వెనకే కట్ట ఎక్కాడు. చినిగిన వల పక్కన అచ్చం అలాంటి చేపలే కుప్పగా పడున్నాయి. ముప్పై దాకా ఉంటాయి. ఎండకు పెంకులు తెల్లబారాయి.

"ఇయ్యన్నీ ఈ పొద్దు పడినయ్యే. శీలావతులు మూడంటే మూడే పడినాయి. మంచి చేపలు పెట్టిన గుడ్లన్నీ ఇవే మింగతుండాయి. కట్టకు బొరియలు చేస్తాయి. వల్లో పడితే వల చీలికలే. కుక్కలు గూడా ముట్టవు. మా ఇంటాయన వలలు అటక మీద పడేసి చెన్నైకి కూలికి పోయినాడు. పదకొండిళ్లోళ్లు పోయినారు అట్టా."

హెబ్రోను ఆ కుప్ప వైపు చూడలేకపోయాడు. "తప్పయిపోయిందక్కా. తెలీక చేశాను. మా మేడ మీద సిమెంటు తొట్టి ఉంది. అది చచ్చేదాకా అందులోనే పెంచుతాను."

"మాటంటే మాటేనా?"

"దేవుడి సాక్షిగా."

ఇంతలో తెప్ప ఒడ్డుకు వచ్చింది. గడకర్ర పట్టుకున్నవాడు కట్ట ఎక్కాడు. "ఏంది చెంచులక్ష్మీ? ఎవురీ మనిషి? ఆ బకెట్‌లో ఏముండాది?"

బకెట్‌లో చేప మళ్లీ కొట్టుకుంది. బండరాయి కదిలింది. చెంచులక్ష్మి దాని మీద కాలు పెట్టింది.

"శీలావతి. సారు కొనుక్కున్నాడు."

"వదలను రాలేదు గదా? ఇట్టాంటోడే ఎవుడో తెచ్చి వదిలి మన నోట్లో మన్ను కొట్టినాడు. వాడు గానీ దొరికితే ఈ కర్రతోనే కాళ్లు ఇరగ్గొడతా!"

"దొరికినప్పుడు కొడుదువుగాని. పోయి వల ఎత్తుపో, పొద్దెక్కింది."

అతను గొణుక్కుంటూ దిగిపోయాడు. తెప్ప దూరమయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు. హెబ్రోను బకెట్‌ను స్కూటర్ ముందు పెట్టుకున్నాడు. స్కూటర్ స్టార్ట్ చేసి మళ్లీ ఆపాడు.

"అక్కా, నిజం చెప్పేస్తావనుకున్నాను. నీ చేతికి రక్తం కారుతున్నా నన్నెందుకు కాపాడావు?"

చెంచులక్ష్మి తెప్ప వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏడేండ్ల కింద నెల్లూర్లో నేను పని చేసే ఇంటోళ్లు ఇట్టాంటియ్యే రెండు చేపల్ని చెత్తలో పారెయ్యమని ఇచ్చినారు సారూ. పాపం, ప్రాణంతో ఉండాయే అని తెచ్చి ఈ చెరువులో వదిలింది నేనే."