పొడుగు లెన్సు

"సంచి అల్కగుండాలె. కోట తోరణాలకు చిన్న లెన్సు చాలక్కా," అన్నాడు ఫోటోగ్రాఫర్ కృపానందం, పొడుగు లెన్సును పక్కన పెడుతూ.

అక్క ఎస్తేరు గుండెకు ఇక మందు లేదని నిన్ననే డాక్టరు అతనికొక్కడికే చెప్పాడు. ఆమె మాత్రం ఒక్కసారి కోట చూపించమంది.

"చిన్నది తీసెయ్ తమ్మీ. పొడుగుదే పెట్టు."

"దగ్గరికే పోతం గదా!"

"నువ్వు పోతవు. నాలుగడుగులేస్తే నాకు దమ్మాడ్తలేదు. రిక్షాలనే కూసోని, ఈ లెన్సులకెల్లి చూస్త."

"నయమైతదన్నడు డాక్టరు..."

"నీకు అబద్ధమాడుడు రాదు," అంది ఎస్తేరు మెల్లగా.

కృపానందం పొడుగు లెన్సు బిగించి కెమెరా ఆమెకిచ్చాడు. బరువు ఆమె చేతుల మీద పడకుండా కింద తన చెయ్యి ఆనించి, ఎటు తిప్పితే దూరం దగ్గరవుతుందో చూపించసాగాడు.