నక్క బాబాయి చెయ్యి పండింది

వానలు మొహం చాటేసిన ఏడాది, సింహం ధాన్యం కొట్టు తెరిపించింది. ఆకలికి ఏడుస్తున్న పిల్లల కోసం ఉడుత గింజలడిగితే, గుమాస్తా నక్క, "చెయ్యి తడపందే గింజ కదలదమ్మాయ్!" అంది.

"ఓస్, అంతేనా బాబాయ్? చాపు మరి!"

నక్క అలవాటుగా ఎటో చూస్తూ బల్లకింద చెయ్యి చాపింది. ఉడుత అందులో తడితడిగా ఏదో పెట్టి, ఆకు చుట్టేసింది. "జున్ను! జనం పోయాక విప్పుకో."

సాయంత్రం, జనం పోకముందే సింహం తనిఖీకొచ్చింది. కంగారుగా దణ్ణం పెట్టబోయిన నక్క చేతిలోంచి ఆకు జారింది. అరచెయ్యంతా గోరింటాకు!

"ఎవరు పెట్టారిది?" సింహం గర్జించింది.

గింజల కోసం ఇంకా అక్కడే కాచుకున్న ఉడుత ముందుకొచ్చింది. "నేనే మహారాజా! చెయ్యి తడపమంది, తడిపాను. ఎంత ఎర్రగా పండిందో చూడండి! బాబాయికి మంచి అత్తారిల్లు ఖాయం."

సింహం నవ్వుతూనే నక్కని ఆ అత్తారింటికి, అదే, చెరసాలకి సాగనంపింది. ఆ పూట ఉడుత పిల్లలు కడుపునిండా తిన్నాయి.